సంచీలో అరవై ఒక్క శుభలేఖలు

మా అమ్మాయి పెళ్లి ఫాల్గుణంలో. మూడొందల శుభలేఖలు కొట్టించాం. మొదటిది అరసవల్లి సూర్యనారాయణ స్వామి దగ్గర పెట్టి, శ్రీకాకుళం ఊళ్లోవీ, మా స్కూలు స్టాఫువీ సాయంత్రాల పూట స్కూటర్ మీద తిరిగి పంచేశాను. డెబ్భై మిగిలాయి. అవి మాత్రం స్కూటర్‌కి అందేవి కావు. ఇటు ఇచ్ఛాపురం, అటు సాలూరు, మధ్యలో పర్లాకిమిడి, పార్వతీపురం, బొబ్బిలి.

"ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టెయ్ నాన్నా, తర్వాత ఫోన్ చేద్దువు గాని" అంది పెళ్లికూతురే. పక్కగదిలోంచి మా అమ్మ వినేసింది. ఆవిడకి ఎనభై రెండేళ్లు, చెవుడు కూడా ఉంది, కానీ ఇలాంటివి మాత్రం బాగా వినపడతాయి. "ఫోన్లో పిలిస్తే ఫోన్లోనే వస్తార్రా. గుమ్మం తొక్కి బొట్టెట్టి సెప్పాల" అంది. ఇంక దాని మీద చర్చ లేదు.

మా తమ్ముడి కారులో తిరగొచ్చనుకున్నాం. సరిగ్గా ముందురోజు సాయంత్రం దాని క్లచ్ పోయింది. మెకానిక్ వారం అన్నాడు, అంటే పదిహేను రోజులు. అద్దె కారు అతనికి ఫోన్ చేసి నాలుగు రోజులకి ఎంతవుతుందని అడిగాను. అతను చెప్పింది విని ఫోను మా ఆవిడ చేతికిచ్చేశాను. ఆవిడ విని, "వద్దులే బాబూ" అని పెట్టేసింది. రాజాం వైపువి తొమ్మిది ఉంటే, క్లచ్ పోయిన నేరానికి అవి నేను బైక్ మీద ఇచ్చేస్తానని తమ్ముడు తీసుకున్నాడు. మిగిలిన అరవై ఒకటీ మా ఇద్దరికీ.

"బస్సులో నాకెలాగూ ఫ్రీయే కదా, సగం ఖర్చు అక్కడే మిగిలింది" అంది మా ఆవిడ. 2025 ఆగస్టు 15న ఆడవాళ్లకి ఆర్టీసీలో ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం వచ్చినప్పటి నుంచి ఆవిడకి ఆర్టీసీ బస్సంటే పుట్టింటి బండి. పల్లెవెలుగైనా ఎక్స్‌ప్రెస్ అయినా ఆధార్ కార్డు చూపించి, సున్నా రూపాయల టికెట్ తీసుకుని, నావైపు చూసి నవ్వుతుంది. ఆ టికెట్లు పారేయదు కూడా. పర్సులో పెట్టుకుంటుంది.

ఒక గుడ్డసంచీ. అందులో నాలుగు మూలలా పసుపు రాసిన శుభలేఖలు, కుంకుమ భరిణె, రెండు మంచినీళ్ల సీసాలు, నాకు బీపీ మాత్రలు. ఒక పాత కవరు వెనక మా ఆవిడ గీతలు గీయడం మొదలుపెట్టింది. ఎక్కిన బండికల్లా ఒక గీత. ఎందుకంటే, "ఊరికే" అంది.

మొదటి రోజు ఇచ్ఛాపురం వైపు. రైల్లో పలాస దాకా వెళ్లి, అక్కణ్ణుంచి బస్సుల్లో తిరగాలని ప్లాను. కానీ మా ఊళ్లో రైలెక్కాలంటే ముందు మా ఊరు దాటాలి. స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, దాని పేరు శ్రీకాకుళం రోడ్. స్టేషన్ పేరు చివర రోడ్ అని ఉందంటే, ఊరింకా రాలేదు, రోడ్డు మాత్రమే వచ్చింది అని అర్థం. పన్నెండు, పదమూడు కిలోమీటర్లు. హైదరాబాద్ నుంచి వచ్చే మా మేనల్లుడు తెల్లారుజామున అక్కడ దిగి, "మావయ్యా, వచ్చేశాను" అని ఫోన్ చేస్తాడు. వచ్చేయలేదు నాయనా, ఇంకా ఆటో నిండాలి.

ఆటో నిండడం గురించి తెలియనివాళ్లకి చెప్పాలి. వెనక సీట్లో నలుగురు పడితే నిండినట్టు కాదు. వాళ్లెదురుగా పలక మీద ఇద్దరు, డ్రైవర్‌కి అటొకరు ఇటొకరు కూర్చున్నాక, "ఇంకొక్కరు, ఒక్కరు" అంటూ ఇంకో రెండు నిమిషాలు చూస్తాడు. ఆ ఒక్కరి కోసం మిగతా ఎనిమిది మందీ రోడ్డు వైపు చూస్తూ ఉంటారు. అందరం కలిసి ఎదురుచూసిన మనిషి వచ్చి ఎక్కగానే, అతని మీదే అందరికీ చిరాకు.

పాసింజర్ దొరికింది. ఊర్లాం, తిలారు, కోటబొమ్మాళి, అలా ఆగుకుంటూ పోతుంది. ఒక స్టేషన్లో బండిని పక్క లైన్లో పెట్టారు. ఏదో సూపర్‌ఫాస్ట్ దాటాలట. ఇరవై నిమిషాలు. అంతలో మా బోగీలోనే మూడు సీట్ల అవతల, బుట్ట ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒకావిడ మా ఆవిడకేసి తేరిపార చూసి, "నువ్వు బొబ్బిలోళ్ల పిల్లవి కాదేటి?" అంది. మా మావగారి తరఫున పిన్ని వరస. ఆవిడ పేరు మా లిస్టులో ఉంది, ఊరు పుండి. ఇంక అక్కడే రైల్లోనే భరిణె తీసి బొట్టు పెట్టి, శుభలేఖ చేతికిచ్చేసింది మా ఆవిడ. పక్కసీటు వాళ్లు కూడా బొట్టు పెట్టించుకున్నారు, వాళ్లెవరో మాకు తెలియదు. పెళ్లి పిలుపు కదా, కాదనలేదు. ఇంటికొచ్చాక అమ్మకి ఈ సంగతి చెబితే, "గుమ్మం తొక్కలేదు గదా, అది లెక్కలోకి రాదు" అంది. రైలు మెట్టు గుమ్మమే కదా అని నేను వాదించాను. ఇంకా తేలలేదు.

పలాసలో దిగితే కాశీబుగ్గ దాకా గాలంతా జీడిపిక్కలు కాల్చిన వాసన. ఆ వాసనకి కొత్తవాళ్లు దగ్గుతారు, అక్కడివాళ్లకి ఆకలేస్తుంది. ఇక్కణ్ణుంచి సోంపేట, కంచిలి, కవిటి, అన్నీ ముక్కలు ముక్కలుగా తిరిగాం. బస్సు, ఆటో, ఒకచోట మేజిక్కు వ్యాను. కవిటి వైపు కొబ్బరితోటల మధ్య ఆటోలో వెళ్తుంటే ఎండ కూడా చారలు చారలుగా పడుతుంది. 2018 అక్టోబర్లో తిత్లీ తుపాను వచ్చాక ఈ దారిలో వెళ్లినప్పుడు ఆ చారలు లేవు, పడిపోయిన చెట్లూ, పైన ఖాళీ ఆకాశమూ. ఇప్పుడు మళ్లీ పిల్ల చెట్లు ఎదిగొచ్చాయి. మా చిన్నత్త ఇంటి పెరట్లో మాత్రం అప్పుడు వంగిన చెట్టు ఒకటి అలా వంగే కాస్తోంది. మనవలు దాని మీద కూర్చుని ఊగుతున్నారు.

ఇచ్ఛాపురం మావయ్య మాకు కాఫీ ఇవ్వకముందే చెప్పిన మాట: "వందే భారత్ మా ఊళ్లో ఆగుతుంది, తెలుసా?" తెలుసు. విశాఖ నుంచి భువనేశ్వర్ వెళ్లేది, 2024లో వేశారు, ఇచ్ఛాపురంలో ఆగుతుంది. ఆంధ్రాకి చిట్టచివర ఊరు, అన్ని బళ్లూ చూసీచూడనట్టు దాటిపోయే ఊరు, కాబట్టి ఆయన గర్వం నాకు అర్థమైంది. "ఎక్కావా మావయ్యా?" అన్నాను. "టికెట్టు రేటు చూశావేటి?" అన్నాడు. రోజూ వెళ్లి చూసొస్తాడట.

రాత్రి తిరుగు బస్సులో నిలబడే వచ్చాం. టెక్కలి దాటాక నాకు సీటు దొరికింది. మా ఆవిడకి నరసన్నపేటలో. కవరు మీద పదకొండు గీతలు.

రెండోరోజు పాతపట్నం, పర్లాకిమిడి. పర్లాకిమిడి ఒడిశాలో ఉంది గాని, మా మేనత్త కాపురం అక్కడే. మధ్యలో మహేంద్రతనయ, అవతల బోర్డులు ఒడియాలో, మాటలు మాత్రం రెండు వైపులా తెలుగే. నేరుగా వెళ్లే బస్సు ఎక్కబోతే కండక్టరు, "అమ్మా, ఇది అంతర్రాష్ట్ర సర్వీసు, ఫ్రీ వర్తించదు" అన్నాడు. మా ఆవిడ ఎక్కిన కాలు దింపేసింది. పాతపట్నం దాకా పల్లెవెలుగులో వెళ్లి, అక్కణ్ణుంచి ఆటో ఎక్కుదామంది. సారవకోట మీదుగా ప్రతి చెట్టు కిందా ఆగుతూ వెళ్లింది. పాతపట్నంలో ఆటో అతను, ఎండ చూసి కాబోలు, మా దగ్గర తీసుకున్నది బస్సు టికెట్ కంటే ఎక్కువే. ఆ లెక్క నేను పైకి అనలేదు. ముప్ఫై ఏళ్ల కాపురంలో నేర్చుకున్నది ఆమాత్రమైనా ఉండాలి కదా.

ఈ దారిలో ఒకప్పుడు మా బండి వేరు. మామ్మది టెంబూరు దగ్గర ఊరు. వేసవి సెలవులకి నౌపడాలో దిగి చిన్నరైలు ఎక్కేవాళ్లం. పట్టాల మధ్య రెండున్నర అడుగులే. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, 1900లో మొదలై, 1931లో గుణుపురం దాకా వెళ్లింది. నేను ఎక్కిన రోజుల్లో బొగ్గింజను. పెట్టె ఎంత ఇరుకంటే ఎదురుగా కూర్చున్నవాళ్ల మోకాళ్లు మన మోకాళ్లకి తగిలేవి. కాళ్ల కింద పనసకాయలు, కోళ్ల బుట్టలు. కిటికీలోంచి చూస్తే కంట్లో నలుసు. మామ్మ ఇంటికి చేరేసరికి నా తెల్ల చొక్కా మీద మసి చుక్కలు. మామ్మ ఆ చొక్కా ఉతక్కుండా ముందు వాసన చూసేది. "రైలు వాసన" అనేది. ఆవిడ జన్మలో ఆ రైలు తప్ప వేరేది ఎక్కలేదు.

2004లో ఆ లైను ఆపేశారు, పెద్ద పట్టాలు వేయడానికి. మళ్లీ గుణుపురం దాకా బండి నడిచింది 2011లో. ఆ ఏడేళ్ల మధ్యలోనే మామ్మ పోయింది. ఇప్పుడు విశాఖ నుంచి గుణుపురం పాసింజర్ నేరుగా వెళ్తుంది, నౌపడాలో దిగి ఎక్కే పనే లేదు. మంచిదే. టెంబూరు స్టేషన్ మీదుగా ఆటోలో వెళ్తూ ఒకసారి ఆపించి చూశాను. చూడ్డానికి ఏమీ లేదు. "ఏటండీ, బండొస్తాదేటి?" అని అడిగాడు డ్రైవరు. రాదు, పద అన్నాను.

మూడోరోజుకి అసలు పని. ఇందులో లిస్టులో లేని పేరొకటి నేను చేర్చాను.

1997లో నా మొదటి పోస్టింగు కొమరాడ మండలంలో, నాగావళి అవతల ఒక గిరిజన గ్రామంలో. రెండేళ్లున్నాను. అప్పుడు బళ్లో పిల్లలకి వండే జాతాపు తెగ ఆవిడ నాకూ రెండు పూటలా అన్నం పెట్టేది. నాకు మలేరియా వచ్చి పడుకుంటే, మంచంతో సహా నలుగురి చేత మోయించి నది ఒడ్డుకి తెచ్చి పడవెక్కించింది ఆవిడే. ఆ ప్రయాణం నాకు సరిగ్గా గుర్తులేదు. పైన ఆకాశం ఊగడం ఒక్కటే గుర్తు. ఎక్కిన బళ్ల లెక్కలో దాన్ని కూడా కలపాలంటే, అన్నిటికంటే నెమ్మదిగా నడిచింది, అన్నిటికంటే అవసరమైంది అదే.

శ్రీకాకుళం కాంప్లెక్సులో పొద్దున్నే పార్వతీపురం బస్సు. కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టాను, ఇందులో నాకు మంచి పేరుంది. పాలకొండ, వీరఘట్టం మీదుగా వెళ్తుంది. పాలకొండలో రెండు, వీరఘట్టంలో మూడు కార్డులు. అంటే రెండుచోట్లా దిగి, మళ్లీ వేరే బస్సు ఎక్కి. ఇవన్నీ ఒకప్పుడు శ్రీకాకుళం జిల్లా. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టాక పాలకొండ మన్యం జిల్లాలోకి వెళ్లింది, రాజాం విజయనగరంలోకి. మా చుట్టాలు ఎవరూ ఇల్లు కదల్లేదు గాని మూడు జిల్లాల వాళ్లయిపోయారు. అమ్మ చెప్పగా రాసిన చిరునామాల్లో మాత్రం అందరూ పాత జిల్లాలోనే ఉన్నారు.

పార్వతీపురంలో భోజనం చేసి, కొమరాడ వైపు ఆటో. ఆ తర్వాత ఇంకో ఆటో. అది రోడ్డు అయిపోయినచోట దింపేసింది.

నది మాఘమాసంలో ఎలా ఉంటుందంటే, సగం నీళ్లు, సగం ఇసక. ఒడ్డు నుంచి చూస్తే వంతెన స్తంభాలు కనపడతాయి. నిలబడి ఉన్నాయి, అంతే. ఎప్పుడు పూర్తవుతుందని పడవ అతన్ని అడిగితే, "పూర్తయితే నాకు పనుండదు గదా, నన్నడుగుతారేటి?" అని నవ్వాడు. నాటుపడవ, చేతిలో పొడుగాటి వెదురు గెడ. మాకంటే ముందు ఒక కుర్రాడు తన బైక్‌ని పడవలోకి ఎక్కించాడు. దాన్ని నిలబెట్టి, రెండు చేతులతో హ్యాండిల్ పట్టుకుని తను పక్కన నిలబడ్డాడు. నీళ్ల మీద బైక్ మీద వెళ్తున్నట్టే ఉంది చూడ్డానికి. మా ఆవిడ పడవలో అడుగుపెట్టి కూలబడిపోయి, నా చొక్కా వెనక పట్టుకుంది. శుభలేఖల సంచీ తల మీద పెట్టుకుంది. మేం మునిగినా పెళ్లి ఆగకూడదన్నట్టు.

పడవ సగం దూరమే. నీళ్లు అయిపోయినచోట దిగి, ఇసకలో నడిచి, ఇంకో పాయ మోకాలి లోతులో దాటాలి. చెప్పులు చేత్తో పట్టుకుని, పంచె పైకి దోపి దాటాను. యాభై నాలుగేళ్ల వాణ్ణి, హెడ్మాస్టర్ని. అవతలి ఒడ్డున పుల్లలు ఏరుతున్న పిల్లలు నన్ను చూసి ఊరికే నవ్వుతున్నారు.

అక్కణ్ణుంచి ఊరికి మూడు కిలోమీటర్లు. నడుద్దామనుకుంటే ఇసకకి వచ్చిన ట్రాక్టరు తిరిగి వెళ్తోంది. తొట్టిలో ఎక్కాం. కవరు మీద గీత గీయబోతే, ఆ కుదుపులకి పెన్ను కవరు చింపేసింది.

ఆవిడ నన్ను గుర్తుపట్టలేదు. డెబ్భై ఉంటాయేమో, చూపు తగ్గింది. దగ్గరగా వెళ్లి, "నేను మాస్టర్నమ్మా, మలేరియా మాస్టర్ని" అన్నాను. అప్పుడు చేత్తో నా మొహం తడిమి, "లావయిపోనావు మాస్టరుబాబూ" అంది. మా ఆవిడ బొట్టు పెట్టి, శుభలేఖ చేతిలో పెట్టింది. ఆవిడకి చదువు రాదు. ఇంటర్ చదివే మనవడు గట్టిగా చదివాడు, అచ్చుతప్పుతో సహా. ముహూర్తం, కల్యాణ మండపం, విందు, అన్నీ విన్నాక ఆవిడ అడిగింది: "సీకాకులం ఎలగ రావాల?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. నది దాకా నడక, లేదంటే ట్రాక్టరు. పడవ. ఒడ్డున ఆటో. కొమరాడ దగ్గర ఇంకో ఆటో. పార్వతీపురంలో శ్రీకాకుళం బస్సు. కాంప్లెక్సులో దిగాక మండపానికి మళ్లీ ఆటో. చెబుతుంటే నా గొంతు నాకే తగ్గిపోయింది. రెండు రోజులుగా నడుం నొప్పి, కాళ్లు నొప్పి అని దారి పొడుగునా సణిగిన మనిషిని, డెబ్భై ఏళ్ల ఆవిడకి ఆరు బళ్లు మారి రమ్మని చెబుతున్నాను. బెంగుళూరు నుంచి మా పెద్ద బావమరిది కొడుకు విమానంలో వస్తాడు. విశాఖ దాకా గంటన్నర, అక్కణ్ణుంచి మా ఇంటికి కారులో నూరు కిలోమీటర్ల పైన. వాడికి అదే చాలా దూరమట, రెండుసార్లు చెప్పాడు. మ్యాపులో పెట్టి చూస్తే ఈ ఊరు మా ఇంటికి వాడికంటే ఎంతో దగ్గర.

"కష్టపడి రాకమ్మా, నీకు చెప్పాలని వచ్చాను, అంతే" అన్నాను. ఆవిడ ఆ మాటకి బదులివ్వలేదు. లోపలికెళ్లి చోడి అంబలి, అంటే రాగి అంబలి, తెచ్చింది, రెండు గిన్నెల్లో, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ పెట్టి. మా ఆవిడ ఇంట్లో చోడి అంబలి అంటే మొహం తిప్పుకుంటుంది. ఇక్కడ గిన్నె ఖాళీ చేసి మళ్లీ పోయించుకుంది.

ఆ రాత్రి బొబ్బిలిలో అత్తవారింట్లో పడుకున్నాం. మర్నాడు బొబ్బిలిలోవన్నీ బావమరిది బైక్ మీద ముగ్గురం ఎక్కి తిరిగాం. పోలీసులకి చెప్పకండి. అక్కణ్ణుంచి సాలూరు బస్సు. ఈ దారికి సమాంతరంగా రైలు పట్టాలున్నాయి. కరోనా ముందు వరకూ బొబ్బిలి నుంచి సాలూరుకి రైలుబస్సు నడిచేది. పట్టాల మీద నడిచే బస్సే అది. పెళ్లైన కొత్తలో మా ఆవిడని దాని మీదే సాలూరు తీసుకెళ్లాను. రైలెక్కించానని నేను, బస్సెక్కించారని తను, ఆ రోజుల్లోనే మొదటి పోట్లాట.

సాలూరులో మా ఆవిడ పెద్దన్నయ్య ఉంటాడు. లారీ ఓనరు. సాలూరులో లారీతో సంబంధం లేని ఇల్లు వెతకాలంటే కష్టం. ఓనరు కాకపోతే డ్రైవరు, డ్రైవరు కాకపోతే బాడీ కట్టేవాడు, టైర్లవాడు, పెయింటరు. ఘాట్ రోడ్డు ఎక్కితే కోరాపుట్, అక్కణ్ణుంచి రాయపూర్ దాకా వాళ్లకి వీధిచివర లాంటిదే. శుభలేఖలో ముహూర్తం చూడగానే బావ వేళ్ల మీద లెక్క వేశాడు. "ఆ రోజు బండి రాయపూర్ నుంచి దిగుతుంది, సాయంత్రానికి వచ్చేస్తాను" అన్నాడు. ఆయనకి తిథులు కూడా లోడు ప్రకారమే.

తిరిగి విజయనగరం బస్సుకి వెళ్తామంటే ఒప్పుకోలేదు. "ఖాళీ బండి విజయనగరం వెళ్తోంది, లోడుకి. అందులో పొండి" అన్నాడు. పన్నెండు టైర్ల బండి. క్యాబిన్ ఎక్కడానికి మెట్లు నా నడుం ఎత్తున మొదలవుతాయి. మా ఆవిడని కింద నుంచి వదినా, పైనుంచి క్లీనరూ కలిసి ఎక్కించారు. ఒకసారి పైకెక్కాక మాత్రం ఆవిడ దిగనంది. రామభద్రపురం, గజపతినగరం, అన్ని ఊళ్లూ మేడమీద నుంచి చూసినట్టు కనపడ్డాయి. కార్లన్నీ కాళ్ల దగ్గర పురుగుల్లా. డ్రైవర్‌కి నలభై ఏళ్లుంటాయి, నెమ్మదస్తుడు. ఘాట్‌లో లోడు బండి దింపేటప్పుడు ఏ గేర్లో ఎక్కామో ఆ గేర్లోనే దిగాలి, బ్రేకుని నమ్ముకుంటే డ్రమ్ములు కాలిపోతాయి అని చెప్పాడు. ఆయన ఇంటికి వెళ్లి పదకొండు రోజులైందట. సాలూరు మీదుగానే కదా వచ్చావు అన్నాను. "మీదుగానే సార్" అన్నాడు. మా ఆవిడ సంచీలోంచి ఒక శుభలేఖ తీసి, పేరు రాసి ఆయనకి కూడా ఇచ్చేసింది. లెక్కలో ఒకటి తగ్గింది, తర్వాత జిరాక్స్ తీయించుకోవాల్సి వచ్చింది.

విజయనగరంలో పదకొండు ఇళ్లు. గంటస్తంభం చుట్టుపక్కల సందుల్లో అన్నీ నడకే. ఎక్కువ చెప్పడానికి లేదు. అందరూ టీ ఇచ్చారు, అందరూ కూర్చోమన్నారు, ఆరో ఇంటి నుంచి టీ వద్దనడం నేర్చుకున్నాం. రాత్రి రైల్లో శ్రీకాకుళం రోడ్. దిగేసరికి పదకొండు దాటింది. స్టేషన్ బయట ఒకటే ఆటో. "ఇంకొక్కరు, ఒక్కరు" అంటున్నాడు. ఆ ఒక్కరి డబ్బులూ నేనే ఇస్తాను, పద అన్నాను.

ఇంటికొచ్చి మా ఆవిడ గీతలు లెక్కపెట్టింది. నాలుగు రోజులకి ముప్ఫై ఎనిమిది. ట్రాక్టర్ దగ్గర చిరిగిపోయిన చోట ఒకటా రెండా అన్నది తేలలేదు. కవరు మా అమ్మకి చూపిస్తే, "మా కాలంలో ఎడ్లబండి, ఒకటే గీత" అంది.

ఇదంతా నిన్న రాత్రి ఒక ఫోన్ వచ్చాక రాయాలనిపించింది. కొత్త నంబరు. "సార్, నేను మామ్మ మనవణ్ణి, నది అవతల్నుంచి. ఇక్కడ సిగ్నల్ లేదు, కొండెక్కి చేస్తున్నాను. మామ్మ పెళ్లికి వస్తానంటోంది. ఒక్క మాట అడగమంది. బస్సులో ఫ్రీకి ఆధార్ జిరాక్స్ సరిపోతుందా, అసలుదే కావాలా? అసలుది పడవలో తేవాలంటే భయపడుతోంది."

ఎందుకైనా మంచిదని అసలుదే తెమ్మన్నాను. పాలిథిన్ కవరు రెండు మడతలేసి, కొంగున ముడేసుకోమని చెప్పాను. పార్వతీపురంలో ఎడమవైపు సీటు పడితే ఎండ తగలదని కూడా చెప్పబోయాను గానీ, అప్పటికే లైను కట్ అయిపోయింది.